క్రైస్తవకీర్తనలయందు పల్లవియు ఆత్మబోధయు

సమూయేలు రెండవ గ్రంథమున నాతాను ప్రవక్త దావీదురాజునకు ఒక కథ చెప్పెను. విస్తారమైన మందలు గల ధనికుడొకడు, పేదవాని యొక్కగానొక్క గొఱ్ఱెపిల్లను హరించి అతిథికి విందు చేసెను. రాజు విని మండిపడి, ఆ ధనికుడు మరణార్హుడని తీర్పు చెప్పెను. అంతట ప్రవక్త, ఆ దోషి రాజేయని వెల్లడించెను. వేదపఠనమున చదువరికి కలుగు చిక్కంతయు ఈ కథలోనే యున్నది. కథ వినునంతసేపు అపరాధి పరుడే.

తెలుగునాట ఈ ప్రవక్త పనిని గద్యవ్యాఖ్యానములకంటె కీర్తనయే బాగుగ నిర్వహించినది. గుంటూరునకు 1842లో లూథరన్ మతప్రచారకుడు హేయరు వచ్చెను. నాటికి నెల్లూరు మండలాంతర్గతమైన ఒంగోలు సీమలో, 1876–78 నాటి కఱవు వెనుక, 1878 జూలై 3వ తేదీని ఒక్కదినముననే గుండ్లకమ్మయొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో పెక్కురు మాదిగలు. చదువు నోచుకొనని కష్టజీవులు. ప్రత్తిచేలలోను మిరపతోటలలోను పనిచేయు ఇట్టివారికి వేదము కంటికంటె ముందు చెవికి అందవలసియుండెను.

ఆ కొఱత తీర్చిన కవులలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అగ్రగణ్యుడు. ఆయన కళింగసీమవాడు. అయినను ఆయన కృతులు ఆంధ్రక్రైస్తవ కీర్తనల సంపుటముద్వారా దక్షిణమండలముల సంఘములకును సొత్తయ్యెను. వానికి రాగతాళములు, పల్లవి, చరణములు గలవు, భాష ప్రౌఢము. మతము క్రొత్తదైనను మార్గము రామదాసాదులు త్రొక్కినదే.

ఈ మార్గమున పల్లవికి గల శక్తి విమర్శకుల దృష్టికి చాలినంత రాలేదు. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథను ఉదాహరణముగ గొనవచ్చును. గద్యమున చదువునపుడు చిన్నవాని దుర్వ్యయమును, పెద్దవాని యీర్ష్యను తూచి, చదువరి సుఖముగ తీరమున కూర్చుండును. అదే కథను, నన్ను కరుణింపుమను భావముగల పల్లవితో కీర్తనగ కట్టినచో, పొట్టును ఆశించిన ఆకలి ఒక చరణమైనను, తండ్రి పరుగెత్తివచ్చుట మఱొక చరణమైనను, ప్రతిచరణాంతమునను పాడువాడు 'నన్ను' అనకతప్పదు. కథలోని 'వాడు' క్రమముగ 'నేను' అగును. దీనికి బోధకుని హెచ్చరిక అక్కఱలేదు. కీర్తన కట్టడమే దానిని చేయును. ఇది పునరుక్తి యని ఆక్షేపించు పండితులు, దానిని కాగితముమీద చదివినవారే కాని పాడినవారు కారు.

అయితే ఇందొక లోపమును కలదు. నాతాను కథలో దావీదు ఒక్కడే లేడు, గొఱ్ఱెపిల్లను పోగొట్టుకొన్న పేదవాడును ఉన్నాడు. కూలికి పోయి, ఊరి వెలుపల వసించిన మనుజుడు పల్లవి పాడునపుడు, దావీదు స్థానముననే నిలిచి తన పాపమును ఒప్పుకొనుచున్నాడు. తనకు జరిగిన అన్యాయమును చెప్పుకొనుటకు ఆ పల్లవిలో చోటు లేదు. రాజుతో సమముగ దేవునికి ఉత్తరవాదియగుట వానికి లభించిన గౌరవమే, సందేహము లేదు. కాని పేదవాని మొఱ మిగిలిపోయెను.

దానిని అందుకొన్నవాడు వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువ. ఆయన 1941 నాటి 'గబ్బిలము'న, ఆలయప్రవేశము లేని యరుంధతీసుతుడు తన గోడును గబ్బిలముచేత కాశీవిశ్వేశ్వరునకు పంపును. పాత్రము క్రీస్తును గాక శివుని వేడుకొనుచున్నందున దీనిని క్రైస్తవపఠనమునకు దూరమనువారు కలరు. ఆ వాదము నిలువదు. దేవుని న్యాయమునే ప్రశ్నించుచు, ఆయనకే మొఱపెట్టుట దావీదు కీర్తనలలోను, యోబు గ్రంథములోను విరివిగ కానవచ్చు పద్ధతి. అందు వేడుకోలునకును అభియోగమునకును ఎడము స్వల్పము. జాషువ పద్యములకు బలము అచ్చటనే కలదు.

1964లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము పొందిన 'క్రీస్తు చరిత్ర'ను ఈ దృష్టితో చదువవలెను. అది పద్యకావ్యము, పల్లవి లేదు, చదువరిని మరల మరల తనవైపు త్రిప్పు కట్టడము లేదు. కావున ఆత్మశోధనకై దానిని తెఱచువాడు కీర్తనలో దొరకిన సాన్నిహిత్యము దొరకలేదనును. ఆ మాట కొంత నిజమే. కీర్తనకారులయొద్ద పల్లవి చేసిన పనిని జాషువ దీనులయెడ కరుణచేత సాధింపజూచెను. ఆ కరుణ తగిలిన పద్యములలో కావ్యము జీవించుచున్నది. కథను నడపుటకు మాత్రమే వచ్చిన పద్యములు చరిత్రగ నిలిచిపోయినవి.