పళ్లెం చప్పుడుతో తేలని చెవుడు

పసిబిడ్డ వెనక పళ్లెం మోగించి, తల తిప్పితే చెవులు బాగానే ఉన్నాయని తేల్చేయడం ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ పరీక్షను నమ్మలేం. నేల అదిరినా, గోడ మీద నీడ కదిలినా బిడ్డ తిరుగుతుంది. పైగా పెద్ద చప్పుళ్లు వినిపించినా స, శ, చ వంటి సన్నని ధ్వనులు అందని పిల్లలుంటారు. పుట్టుకతో బొత్తిగా వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది. ఆరు నెలలు దాటి 'తాతతాత', 'అత్తత్త' రావలసిన వేళకు గానీ తేడా బయటపడదు. అప్పుడు కూడా, వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఏడాది అలాగే పోతుంది.

పుట్టిన నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలుకావాలన్నది వైద్యుల లెక్క. తొలి పరీక్ష పేరు ఓఏఈ. నిద్రపోయే బిడ్డ చెవిలో మెత్తని మొన పెట్టి ధ్వని పంపితే, లోపలి చెవి తిరిగి వెలువరించే అతి సన్నని ధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. నిమిషాల పని, నొప్పి ఉండదు. అయితే లోపలి చెవి బాగుండి, మెదడుకు వెళ్లే నాడి దెబ్బతిన్న బిడ్డ ఇందులో పాసైపోతుంది. నెలలు నిండక ఐసీయూలో ఉన్న పిల్లలకూ, కామెర్లు ముదిరినవారికీ ఈ ముప్పు ఎక్కువ. అందుకే వారికి ఆ నాడి పనితీరును చూసే బెరా పరీక్ష కూడా చేయించాలి. మేనరికం, కుటుంబంలో చెవుడు, గర్భంలో రుబెల్లా ఉంటే మొదటి పరీక్షతో సరిపెట్టుకోకూడదు. మెనింజైటిస్ వచ్చి తగ్గిన పిల్లలకు మళ్లీ పరీక్ష తప్పనిసరి.

బడి వయసులో కారణాలు వేరు. జలుబు తర్వాత చెవిలో నిలిచిన జిగురు నీరు, ఏళ్ల తరబడి కారే చీము వినికిడిని తగ్గిస్తాయి. టీచరు కంటికి మాత్రం అది పరధ్యానం. ఇలాంటివి చాలావరకు చికిత్సకు లొంగుతాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ, బడులకూ వచ్చి, అనుమానం ఉన్నవారిని జిల్లా కేంద్రంలో ఇలాంటి లోపాలకు తొలిదశలోనే చికిత్స చేసే డీఈఐసీకి పంపుతాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వైకల్య ధ్రువపత్రానికి సదరం శిబిరం, చెవి మిషన్‌కు కేంద్రం వారి అడిప్ పథకం, బడికెళ్లే పిల్లలకు మండలాల్లోని భవిత కేంద్రాలు ఉన్నాయి. మిషన్‌తో ఫలితం లేని తీవ్ర లోపానికి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అమరుస్తారు. పుట్టు చెవుడు అయితే అది ఎంత చిన్న వయసులో జరిగితే అంత మేలు.

మిషన్ తగిలించగానే మాట వస్తుందనుకోవడం రెండో పొరపాటు. బిడ్డ చెవి పెరుగుతుంటే మిషన్‌ను చెవిలో పట్టి ఉంచే అచ్చు వదులై మిషన్ కూత పెడుతుంది. చాలా ఇళ్లలో అది బీరువాలోకి చేరేది అప్పుడే. కొన్ని నెలలకోసారి అచ్చు మార్పించాలి. స్పీచ్ థెరపీ వారానికి ఒకటి రెండు గంటలే. మిగతా సమయమంతా ఇంట్లో వాళ్లు మాట్లాడించాలి. మాట అందని పిల్లలకు సైగల భాష చిన్నప్పుడే అందాలి. ఇంప్లాంట్ అయినవారికైతే బయటి యంత్రాన్ని నిపుణులు మళ్లీ మళ్లీ సరిచేయాలి. వారంటీ తీరాక దాని తీగలు, బ్యాటరీలు, మరమ్మతుల భారం చాలాసార్లు కుటుంబం మీదే పడుతుంది కనుక, ఆ ఖర్చెంతో ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి.