ఊపిరి బిగపట్టని ఈత

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లికి దాటేవాళ్లకు గోదావరి పాయ గౌతమి అంటే పైన కనబడే నీరే. దాని అడుగు ఎరిగినవాళ్లు వేరు. దుంగకు చిక్కుకున్న వలను మునిగి విడిపించుకొచ్చే జాలర్లు ఉన్నారు. ఎగువన రాజమండ్రి, కొవ్వూరు వైపు గోదావరిలో పడవల్లో ఇసుక తీసే కార్మికులు బకెట్ పట్టుకుని గెడ వెంబడి అడుగుకు దిగి, ఒక్క ఊపిరిలో నింపుకుని పైకొస్తారు. నీరు ఎర్రబారినప్పుడు కళ్లు తెరిచినా మూసినా ఒకటే. కాలికి తగిలే ఇసుకను బట్టి, చెవుల్లో పెరిగే బరువును బట్టి, ఒంటిని లాగే వడిని బట్టి తామెక్కడున్నారో తెలుసుకుంటారు. ఈ విద్య తండ్రి చూపిస్తే కొడుకు నేర్చుకున్నది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు మునిగినప్పుడు ఈ విద్య విలువ రాష్ట్రమంతా చూసింది. అక్టోబరు 22న ఆ బోటును ఒడ్డుకు చేర్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందమే. లంగర్లు, ఇనుప తాళ్లు, నీళ్లలోకి దిగే మనుషులు, నది మనసు తెలిసిన అనుభవం, అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది.

ఇంత ఈత వచ్చినవాడు సిలిండర్ గాలితో మునిగే స్కూబా నేర్చుకోబోతే మొదటి రోజే ఒక అలవాటు అడ్డొస్తుంది. ఏటిలో బతికించేది ఊపిరి బిగపట్టడం. స్కూబాలో ప్రాణం తీయగలిగేదీ అదే. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలితో ఊపిరితిత్తులు నింపుకుని, నోరు బిగించి పైకి వస్తే ఆ గాలి రెండింతలుగా ఉబ్బి లోపలి పొరలను చీల్చేస్తుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు అన్నిటికన్నా ముందు చెప్పే మాట: ఆపకుండా ఊపిరి తీసుకుంటూ, వదులుతూ ఉండండి.

గౌతమిలో సరదా డైవింగ్‌కు నేను ఒప్పుకోను. బురద, సుళ్లు, కొట్టుకొచ్చిన మానులు ఉన్నచోట అనుభవజ్ఞులు పని మీద దిగాలే తప్ప వేడుకకు కాదు. కోనసీమ నుంచి వెళ్లే మిత్రబృందానికి డైవింగ్‌కు అనువైన సముద్రం విశాఖది. రుషికొండలో శిక్షణ దొరుకుతుంది, మంగమారిపేట రాళ్ల దగ్గరా, చింతపల్లి తీరాన మునిగిన ఓడ దగ్గరా చూడవలసినది ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటి అలలు నెమ్మదించాక బయల్దేరడం మంచిది.

మన సముద్రంలో చలేమిటని అనుకోవద్దు. మార్చి, ఏప్రిల్ నెలల్లో విశాఖ తీరం వెంట అడుగునున్న చల్లనీరు పైకి ఉబికి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి ఈ తీరును శ్రద్ధగా పరిశీలించారు. ఒడ్డున ఎండ మాడ్చేస్తున్నా కింద ఒక పొర దాటగానే ఒళ్లు జివ్వుమంటుంది. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి, స్నానానికి హాయిగా ఉండే నీళ్లలోనే అరగంటకు వణుకు పుడుతుంది. వణికేవాడు గాలి ఎక్కువ పీలుస్తాడు, వేళ్లు మొద్దుబారతాయి, ఆలోచన మందగిస్తుంది. ఒంటికి పట్టినట్టుండే వెట్‌సూట్ వేసుకోవాలి. రెండో డైవ్‌కు ముందు ఒళ్లు తుడుచుకుని గాలి తగలని చోట కూర్చోవాలి. వణుకు తగ్గకపోతే రెండోది మానుకోవాలి.

పథకం పడవ మీద కాదు, ఒడ్డునే వేసుకోవాలి. ఎవరికి ఎవరు జోడీ? ఎంత లోతు? ఎవరి గేజ్ 100 బార్‌కు పడగానే అందరూ వెనక్కి తిరగాలి? ఇరవై మీటర్ల దగ్గర గాలి మూడింతల వేగంగా ఖర్చవుతుంది గనుక, బృందంలో ఎక్కువ పీల్చే మనిషిని బట్టే లెక్క కట్టాలి. జోడీ కనబడకపోతే ఒక్క నిమిషం వెతికి, నెమ్మదిగా పైకి వచ్చి కలుసుకోవాలి. సైగలు ఒడ్డునే ఒకసారి చేసి చూడండి. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. అక్కడ ఆగి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం నాకు డైవ్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. మాటల్లేకుండానే అందరూ క్షేమమని తెలుస్తుంది. మనసు ఒప్పక ఎవరైనా ఈ రోజు దిగనంటే, ఎందుకని అడగకూడదు.

విశాఖ వెళ్లేవాళ్లు తరచూ చేసే ప్రయాణం ఒకటుంది: పొద్దున రుషికొండ, సాయంత్రం అరకు. డైవ్ చేసిన రోజు అది పనికిరాదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఇంకా బయటికి పోతూనే ఉంటుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కితే ఆ వాయువు బుడగలు కట్టి కీళ్లనూ నరాలనూ దెబ్బతీయవచ్చు. విమానానికీ ఇదే నియమం. వరుసగా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. అరకు ముందు చూసి, సముద్రాన్ని చివరికి పెట్టుకోండి.

ఒక విన్నపం. ఏటిలో ఎవరైనా మునిగితే మొదట పరుగెత్తేది మన రేవుల్లో ఉండే ఈతగాళ్లే. వాళ్ల ధైర్యానికి సిలిండర్, శిక్షణ, జోడీ నియమం తోడైతే వాళ్ల ప్రాణాలకూ భద్రత ఉంటుంది. కోనసీమ ఏటిగట్టు ఊళ్ల నుంచి ఏటా కొందరినైనా ప్రభుత్వ ఖర్చుతో విశాఖకు పంపి స్కూబా నేర్పించాలి.