నల్లని కారు, మూడు ఛాయాచిత్రములు

ఎండలో నిలిచియున్న నల్లని కారును ఫొటో తీయుట తేలిక పనివలె తోచును గాని, కాదు. ఆకాశమునకు తగినట్లు కెమెరాను సరిచేసినచో కారు బొగ్గుముద్దవలె కనబడును. కారునకు తగినట్లు సరిచేసినచో ఆకాశము సున్నము కొట్టిన గోడవలె తెల్లబోవును. కంటికి రెండును కనబడుచుండగా కెమెరాకు మాత్రము ఏల కనబడవు? కన్ను చూపు తిప్పిన చోటికెల్ల సర్దుకొనును; అట్లు చూచిన వానినన్నిటిని మెదడు ఒక దృశ్యముగా కూర్చును. కెమెరా ఒకమారు తెరచి మూసినపుడు అందిన కాంతితోనే సరిపెట్టుకొనవలెను. ఈ లోపమును తీర్చుటకు వచ్చినదే హెచ్.డి.ఆర్. అనగా అధిక కాంతివ్యాప్తి పద్ధతి.

ఈ పద్ధతిని క్రొత్తగా చేపట్టిన విద్యార్థి యొకడు, తన యింటివారు అమ్మివేయనున్న పాత నల్లని అంబాసిడర్ కారును మూడు చిత్రములుగా తీసెను. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. కారు గడప దాటిన పిమ్మట ఆ యింట మిగులునవి ఈ చిత్రములే. కావున అవి కారును ఉన్నదున్నట్లు చూపుచున్నవా లేదా అనునది అభిరుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

మొదట మెచ్చుకొనదగిన దానిని మెచ్చుకొనవలెను. అతడు కెమెరాను ముక్కాలి పీటపై కదలకుండ నిలిపి, ఒక్కొక్క దృశ్యమును మూడుమార్లు తీసెను. మొదటి చిత్రమున షట్టరు సెకనులో 400వ వంతు, రెండవదాన 100వ వంతు, మూడవదాన 25వ వంతు కాలము తెరచియుండెను. ఒకదానికంటె తరువాతిదానికి కాంతి నాలుగు రెట్లు; మొదటిదానికి, చివరిదానికి నడుమ భేదము పదునారు రెట్లు. అతడు మార్చినది కాలమును మాత్రమే. కటకద్వారమును మార్చియుండినచో, స్పష్టముగా కనబడు లోతు మారి, మూడు చిత్రములును ఒకదానిపై నొకటి సరిగా కుదిరెడివి కావు. ప్రయోగమున ఒక్క రాశిని మాత్రమే మార్చవలెనను పాఠమును అతడు తరగతిలోనే విడిచిరాలేదు.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1857 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున గుస్తావ్ ల గ్రే సముద్రమును ఒక నెగటివుపై, ఆకాశమును వేరొక నెగటివుపై తీసి, దిఙ్మండలరేఖ వద్ద రెంటిని కలిపి ఒకే చిత్రముగా అచ్చొత్తెను. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అను శాస్త్రజ్ఞులు, వేర్వేరు కాలములు తెరచి తీసిన చిత్రములనుండి దృశ్యమందలి కాంతి నిష్పత్తులను లెక్కకట్టు విధానమును ప్రకటించిరి. నేడు చేతిలోని ఫోను సయితము అడుగకయే ఇట్టి పని చేయుచున్నది.

అయితే ఇందు రెండు మెట్లు కలవు. కాంతిని సేకరించుట మొదటిది. సేకరించినదానిని కాగితముపై ఇముడునట్లు కుదించుట రెండవది. ఎండలోని దృశ్యమున మిక్కిలి వెలుగునకు, మిక్కిలి నీడకు గల నిష్పత్తి వేలలో నుండవచ్చును. మంచి కాగితముపై అచ్చులో అది ఇంచుమించు నూటికి ఒకటి. కావున కుదింపక తప్పదు. ప్రారంభకులు పొరబడునది ఈ రెండవ మెట్టుననే.

భూగోళ పటమును తలచుకొన్నచో ఇది తేటపడును. రాష్ట్రమునంతయు ఒక పుటలో చూపవలెనన్న ఒక కొలబద్దపై కుదింతుము. కొలబద్ద ఒక్కటే కావున ఏ జిల్లా పెద్దదో, ఏది చిన్నదో పటము నిజము చెప్పును. ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క కొలబద్ద వాడినచో ప్రతి జిల్లాయు పుటనిండ వివరముగా కనబడును. కాని పటము అబద్ధమాడును, సరిహద్దుల వద్ద అతుకులు బయటపడును. హెచ్.డి.ఆర్. సాఫ్ట్‌వేరులో బలమైన స్థానిక కుదింపు చేయునది సరిగా ఇదియే.

మొదటి చిత్రమున కారు మిట్టమధ్యాహ్నము వేపచెట్టు క్రింద నున్నది. ఇందు దాగినది ఏదియు లేదు: చక్రముల చాటుననున్న నీడయు, ఆకుల నడుమనున్న ఆకాశమును సమానముగా కనబడుచున్నవి. కాని కారు నల్లగా లేదు. బూడిద రంగు మట్టితో చేసిన బొమ్మవలె నున్నది. కారణమేమి? మెరుగుపెట్టిన రంగుపొర వక్రీభవన గుణకము ఇంచుమించు 1.5. అట్టి తలము తిన్నగా పడిన కాంతిలో నూటికి 4 వంతులను మాత్రమే ప్రతిఫలింపజేయును. ఏటవాలుగా పడినచో ఇంకను హెచ్చు. కావున ఎదురుగా చూచునపుడు నల్లని రంగులోని ఆకాశపు ప్రతిబింబము ఆకాశముకంటె ఇరువదియైదు రెట్లు మందముగా నుండును. క్రోమియము పూత గల బంపరులోనో, సగమునకు పైగా కాంతి తిరిగి వచ్చును. ఇది లోహము, అది రంగు అని కన్ను గుర్తించుట పెక్కువంతు ఈ భేదమువలననే. ఈ చిత్రమున ఆకాశము, బంపరు, తలుపు ఇంచుమించు ఒకే వెలుగున నున్నవి. వివరములు హెచ్చినవి, వస్తువు పోయినది. పైగా గాలికి కదలిన వేపాకులు మూడు చిత్రములలో మూడుచోట్ల నుండుటచే, కలిపినపుడు దయ్యపు నీడలవలె మిగిలినవి.

మూడవ చిత్రము సాయంకాలపు ఆకాశమునకు ఎదురుగా తీసినది. కారు పైకప్పు వెంబడి, వరదగుడి కట్టిన చంద్రునివలె, తెల్లని అంచు ఏర్పడినది. నల్లని కప్పు, వెలుగు ఆకాశము కలియు సరిహద్దున రెండు కొలబద్దలు ఢీకొన్న గురుతు ఇది. చూచినవారు దీనిని అందమని మెచ్చుకొనవచ్చును గాని, ప్రకృతిలో లేనిదానిని చిత్రము కల్పించినది.

రెండవ చిత్రము వేరు. తెరచిన తలుపుగుండ కారు లోపలిభాగమును, అవతలి కిటికీగుండ వీధిని చూపినది. స్టీరింగు చక్రముపై చేతులు ఒరసి అరిగిన తావు, సీటు కుట్టు, కిటికీ ఆవలి గోడ – మూడును తమ తమ వెలుగు తారతమ్యముతో నిలిచినవి. ఇచ్చట అతడు కుదింపును తగ్గించి, కారులోని నీడను నీడగానే ఉండనిచ్చెను. ఒక్క ఎక్స్‌పోజరుతో ఈ చిత్రము సాధ్యమగుట దుర్లభము. పద్ధతి తన అవసరమును ఇచ్చట నిరూపించుకొన్నది. ఆ యింటివారు దాచుకొనవలసినది ఈ చిత్రమునే.

కనుక దోషము పద్ధతిది కాదు, కనబడినదంతయు చూపవలెనను ఆత్రముది. వివరము జ్ఞానమే, కాని తారతమ్యము కూడ జ్ఞానమే. వెలుగునకు, నీడకు గల నిష్పత్తిని పూర్తిగా చెరిపివేసిన చిత్రము, కొలతలు సరిగా తీసి పట్టికను తప్పుగా వ్రాసిన ప్రయోగము వంటిది. కారు ఇంకను ఇంటిముంగిటనే యున్నది గావున, మొదటి, మూడవ చిత్రములను తక్కువ కుదింపుతో మరల చేయుటకు ఆ విద్యార్థికి వ్యవధి కలదు.

పాఠశాలలో దీనిని పరీక్షించుట సులభము. మెరిసెడి నల్లని పింగాణి పలకను, స్టీలు కంచమును కిటికీ ప్రక్క నుంచి, రెంటిలోను ఆకాశపు ప్రతిబింబమును విద్యార్థులచే చూడనిండు. పిమ్మట ఫోనుతో హెచ్.డి.ఆర్. లేకుండ ఒకమారు, ఉంచి ఒకమారు తీయించుడు. ఏ చిత్రమున పలక పలకగా, కంచము కంచముగా తెలియుచున్నదో వారినే చెప్పుమనుడు.