కప్పూ సాసరూ: ఒకే చాయ్‌కి రెండు వేగాలు

రైలు కదలడానికి పది నిమిషాలుంది. ముందున్న చాయ్ పొగలు కక్కుతోంది. హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్లలో రోజూ ఎవరికో ఒకరికి ఎదురయ్యే ఇబ్బందే ఇది. ఆ మనిషి చాయ్‌ని ఊదుతూ కూర్చోడు. కప్పు ఎత్తి సగం సాసర్లోకి వంపుతాడు. రెండు చేతులతో సాసరు పట్టుకుని ఒక్కసారి ఊది, సర్రున జుర్రేస్తాడు. మిగతా సగం మళ్లీ వంపుతాడు. రైలు దొరుకుతుంది. అదే హోటల్లో పక్క బల్ల దగ్గర పింఛనుదారులిద్దరు అరగంట నుంచి అవే కప్పులు ముందు పెట్టుకుని మాట్లాడుకుంటూ ఉంటారు. పాత్ర ఒక్కటే, వేగాలు రెండు. ఇరానీ హోటల్ కప్పూ సాసరూ ఎంత ఆలోచనతో తయారైన వస్తువులో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఏ పానీయానికైనా దాని పాత్రను నిర్ణయించేవి రెండు: ఎంత వేడిగా లేదా చల్లగా తాగాలి, ఎంతసేపు తాగాలి. ఐరోపా బీరు మగ్గునే చూడండి. దాని పిడి ఉన్నది చెయ్యి కాలకుండా కాదు, అరచేతి వెచ్చదనం బీరుకి తగలకుండా. జర్మనీలో లీటరు పట్టే మగ్గు గాజు అంత మందంగా ఉండటానికీ కారణం ఉంది. నలుగురూ మగ్గులు ఢీకొట్టుకున్నా పగలకూడదు, చల్లదనం త్వరగా పోకూడదు. మన తెలంగాణ ఊళ్లలో కల్లు తాగే తాటాకు రేక ఇందుకు పూర్తిగా భిన్నం. మడిచిన ఆకుని రెండు చేతుల్లో పట్టుకుంటే లొట్టి వంచి అందులో పోస్తారు. రేకను కింద పెట్టడం కుదరదు, పెడితే ఒలికిపోతుంది. కల్లు గంట గంటకీ పులిసిపోయే పానీయం కాబట్టి పోసింది పోసినట్టు తాగెయ్యాలి. ఆకు మడతే ఆ తొందరను నేర్పుతుంది. చాయ్ కప్పు ఈ రెంటికీ మధ్యలో ఉంది. వేడిని నిలపాలి, ఆ వేడి నుంచి చేతినీ నోటినీ కాపాడాలి. ఒకదానికొకటి అడ్డొచ్చే పనులివి. అందుకే కప్పొక్కటే చాలలేదు, సాసరు కూడా కావలసి వచ్చింది.

ఈ హోటళ్లు పెట్టిన ఇరానీల సొంత దేశంలో చాయ్‌లో పాలు పోయరు. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో, చక్కెర పలుకు పంటి కింద పెట్టుకుని తాగుతారు. పాలు లేని చాయ్‌కి రంగే అందం, అందుకని గాజు. యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి బొంబాయికీ, అక్కడి నుంచి పుణేకీ, హైదరాబాద్‌కీ వచ్చిన కుటుంబాలు ఇక్కడి నాలుక అడిగినట్టు చాయ్‌లో చిక్కటి పాలు చేర్చాయి. పాలు పడ్డాక గాజులో చూడటానికి మిగిలేదేమీ లేదు. పైగా మరిగించిన పాల వేడికి పలచని గ్లాసు చెయ్యి కాలుస్తుంది. అందుకే తెల్లటి పింగాణీ వచ్చింది. సాసర్లో పోసుకు తాగే అలవాటు మాత్రం ఇరాన్‌లోనూ ఉన్నదే. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పెద్దింటి వాళ్లు కూడా అలాగే తాగారు. తర్వాత వాళ్లకది మోటుగా అనిపించి మానేశారు. మన దగ్గర మానలేదు, మానాల్సిన అవసరమూ లేదు.

హైదరాబాద్‌లోని అబిడ్స్‌లో ఇరానీలు 1935లో గ్రాండ్ హోటల్ మొదలుపెట్టారు. కనుమరుగైన ఓరియంట్ హోటల్ కూడా అబిడ్స్‌దే. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు అక్కడ గంటలకొద్దీ కూర్చునేవారు. ఒక కప్పు చాయ్ మీద అంతసేపు కూర్చోవాలంటే ఆ కప్పులో చాయ్ కూడా నిలవాలి. కప్పు మందం ఎంత పని చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

చాలామంది ఆ మందాన్ని చవకబారు పని అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. పింగాణీకి వేడిని దాచుకునే శక్తి అదే బరువున్న నీటితో పోలిస్తే దాదాపు అయిదో వంతు. అంటే 200 గ్రాముల కప్పు 40 గ్రాముల నీళ్లతో సమానం. 30 డిగ్రీల దగ్గరున్న అలాంటి కప్పులో 90 డిగ్రీల చాయ్ 100 గ్రాములు పోస్తే, కప్పు తన వాటా వేడిని లాగేసుకుని రెండూ సుమారు 73 డిగ్రీల దగ్గర కుదురుకుంటాయి. పోసీ పోయకముందే పదిహేడు డిగ్రీలు పోయాయి. ఇప్పుడు అదే కప్పుని వేడినీళ్లలో ఉంచి 60 డిగ్రీలకి తెచ్చాక పోయండి. చాయ్ 81 దగ్గర ఆగుతుంది. పాత పద్ధతి తప్పని హోటళ్లలో కడిగిన కప్పుల్ని బాయిలర్ పక్కన వేడినీళ్ల తొట్టిలో ముంచి ఉంచడానికి కారణం శుభ్రత ఒక్కటే కాదు. తడి ఆరని, చెయ్యి పెడితే చురుక్కుమనే కప్పులోనే చాయ్ పడాలి. అలా వేడెక్కిన మందపాటి గోడ తర్వాత తాను దాచుకున్న వేడిని మెల్లగా చాయ్‌కి తిరిగి ఇస్తుంది. పలచని కప్పు దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. చల్లని మందపాటి కప్పు చాయ్‌ని పాడుచేస్తుంది, వెచ్చని మందపాటి కప్పు దాన్ని కాపాడుతుంది. కప్పుని సరిగా వాడటం కూడా చాయ్ చేసే పనిలో భాగమే.

ఆ చాయ్ తయారీ కూడా ఈ కప్పు కొలతకి అతికినట్టే ఉంటుంది. డికాక్షన్‌ని మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు. పాలని వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరిగిస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. ముందు డికాక్షన్ కొంచెం, దాని మీద పైనుంచి పాలు. కప్పు లోపలి అడుగు మూలలు లేకుండా గుండ్రంగా ఉంటుంది కాబట్టి పాలు పడిన ఊపుకే రెండూ కలిసిపోతాయి. పౌనా చాయ్ అంటే పాలు ఎక్కువ, డికాక్షన్ తక్కువ. ఆ తేడాను చాయ్ మాస్టర్ కొలపాత్రతో చూడడు, కప్పు గోడ మీద డికాక్షన్ ఎంత ఎత్తుకి వచ్చిందో చూస్తాడు. లోపల తెల్లగా ఉండటం వల్లే ఆ గీత అంత స్పష్టంగా కనపడుతుంది.

ఇక సాసరు. కప్పు మూతి వ్యాసం ఏడున్నర సెంటీమీటర్లు అనుకుంటే గాలి తగిలే చాయ్ ఉపరితలం 44 చదరపు సెంటీమీటర్లు. అందులో సగం వంపితే, సాసర్లో పదకొండు సెంటీమీటర్ల మేర పరుచుకున్నప్పుడు 95 అవుతుంది, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. లోతు సెంటీమీటరు కూడా ఉండదు. ఆవిరి ఎక్కువగా పోతుంది, చల్లటి సాసరు అడుగు నుంచి కొంత వేడి లాగుతుంది, ఊదితే ఇంకాస్త. ఇందులో ఆరోగ్యం సంగతీ ఉంది. 65 డిగ్రీలకి మించిన వేడితో పానీయాలు తాగడం బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో వర్గీకరించింది. మన పెద్దవాళ్లు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగినప్పుడు ఆ హద్దు కిందే ఉండి ఉంటారు.

సాసర్‌కి ఇంకా చాలా పనులున్నాయి. మధ్యలో ఉండే చిన్న గుంట కప్పు అడుగున ఉన్న గట్టుని పట్టి ఉంచుతుంది, వెయిటర్ ఒకే చేతిలో నాలుగైదు తెచ్చినా కప్పులు జారవు. తొణికిన చాయ్ ఆ గుంటలోనే ఆగుతుంది. ఇద్దరు మిత్రుల దగ్గర ఒక్క చాయ్‌కే డబ్బులున్నప్పుడు ఒకరికి కప్పు, ఒకరికి సాసరు. బిస్కెట్‌కి పళ్లెమూ అదే. ఉస్మానియా బిస్కెట్ ముంచాలంటే కప్పు మూతి దానికంటే వెడల్పుగా ఉండాలి. ఇరుకు మూతి గ్లాసులో అయితే విరిచి ముంచాలి, విరిగిన అంచు చాయ్‌లో కరిగి అడుక్కి పోతుంది. నాంపల్లిలో సుభాన్ బేకరీ బిస్కెట్లు కొనుక్కెళ్లే వాళ్లు ఇంట్లో ఏ పాత్రలో ముంచుతున్నారో కూడా చూసుకుంటే బాగుంటుంది.

ఇలాంటి పింగాణీ ఎక్కువగా తయారయ్యే ఊరు ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా. తిరిగే ప్లాస్టర్ అచ్చులో మట్టిముద్ద పెట్టి, పైనుంచి కప్పు లోపలి ఆకారంలో కోసిన లోహపు పలకను దింపుతారు. కప్పు గోడ లేస్తుంది. పిడిని వేరుగా పోతపోసి, కప్పు సగం ఆరాక పలచని మట్టిజావతో చేత్తో అతికిస్తారు. ఆ అతుకే కప్పుకి ప్రాణం. కప్పు, పిడి ఒకే తేమతో లేకపోతే ఆరేటప్పుడు ఒకటి ఎక్కువ కుంచించుకుని అక్కడ కంటికి కనపడని పగులు వస్తుంది. 1938లో మొదలై, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతున్న నుమాయిష్ ప్రదర్శనలో ఖుర్జా దుకాణాల వాళ్లు కప్పుని వేలితో మీటి చూపించేది అందుకే. ఖంగుమంటే బాగా కాలిన కప్పు, మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది.

2020లో కరోనా వచ్చాక చాలా హోటళ్లు కాగితపు కప్పులకి మారాయి. ఆ రోజుల్లో అది న్యాయమే. కానీ భయం తగ్గాక కూడా చాలాచోట్ల పింగాణీ తిరిగి రాలేదు. కడిగే మనిషి జీతం, నీళ్లు, పగిలిపోయే కప్పుల ఖర్చు మిగిలాయి మరి. కాగితపు కప్పు లోపల నీరు పీల్చకుండా పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అలాంటి కప్పులో 85 నుంచి 90 డిగ్రీల వేడి ద్రవం 100 మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో చేరుతున్నాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు అదే ఏడాది తేల్చారు. అది అచ్చంగా మన ఇరానీ చాయ్ వేడి, మన కప్పు కొలత, మనం కూర్చునే సమయం. ఆ చాయ్‌కి అదే డబ్బు ఇస్తున్నాం కాబట్టి పింగాణీలో ఇమ్మని అడిగే హక్కు మనకుంది. అడగాలి. అడిగితే చాలాచోట్ల లోపలి నుంచి తెచ్చి ఇస్తారు కూడా.

ఇంటికి కొనుక్కోవాలంటే అబిడ్స్ నుంచి గిన్నెలూ కప్పులూ అమ్మే బేగంబజార్ దగ్గరే. కప్పు బోర్లించి అడుగున గట్టు చూడండి, చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. పిడి అతుకు దగ్గర గోరుతో తడిమి చూడండి. మూతి అంచు గుండ్రంగా, మందంగా తిరిగి ఉంటే త్వరగా పెచ్చులూడదు. సాసరు లోతు తప్పకుండా చూసుకోవాలి. ఇప్పుడు వచ్చే అందమైన సెట్లలో సాసర్లు పళ్లెంలా చదునుగా ఉంటున్నాయి, వాటిలో చాయ్ పొయ్యలేం. ఎత్తి పట్టుకుంటే బరువు తెలియాలి. ఇంటికి తెచ్చాక పాలు పొయ్యి మీద ఉండగానే కప్పుని వేడినీళ్లలో వెయ్యండి, సాసరుని మాత్రం వెయ్యొద్దు. అది చల్లగానే ఉండాలి.