విప్పదగిన కుర్చీ

ఆగిరిపల్లి, నూజివీడు చుట్టుపక్కల పాత మండువా ఇల్లు ఒకటి పడగొడుతున్నారంటే అందరికంటే ముందు వచ్చేది పాత కలప కొనే వ్యాపారి. సింహద్వారం, దూలాలు, స్తంభాలు, కిటికీలు బేరమాడుకుని లారీకెక్కిస్తాడు. వసారా మూల అల్లిక తెగి, ఒక చెయ్యి ఊగుతూ పడివున్న పడక్కుర్చీకి విడిగా ధర కట్టరు. దూలాలతో పాటే అదీ వెళ్లిపోతుంది. కాళ్లు దేనికో పనికొస్తాయి, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. తోట కౌళ్లూ పెళ్లి సంబంధాలూ పొలం తగాదాలూ తేలింది ఆ కుర్చీ ముందే. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇదే వయసు కుర్చీలకు చండీగఢ్‌లో ఏం జరిగిందో చూస్తే మనం పోగొట్టుకుంటున్నదేమిటో అర్థమవుతుంది. స్విస్ వాస్తుశిల్పి పియరీ జెనరే తన బంధువు లె కొర్బూజియేతో కలిసి ఆ కొత్త నగరం కట్టడానికి 1951లో వచ్చి, 1965 దాకా అక్కడే ఉండిపోయాడు. కార్యాలయాలకూ కళాశాలలకూ ఇళ్లకూ కావలసిన సామాను ఖరీదైన విదేశీ వస్తువులతో కాకుండా టేకుతో, పేము అల్లికతో, అక్కడి వడ్రంగుల చేతనే చేయించాడు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ కుర్చీలు విరిగి మేడల మీద గుట్టలుగా చేరాయి. తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు వాటిని కొనుక్కెళ్లి, బాగుచేసి, పారిస్, లండన్, న్యూయార్క్ వేలంపాటల్లో లక్షల రూపాయలకు అమ్మారు. వందేళ్లు నిండని వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రాదు కాబట్టి అడ్డుకునే దారి లేకపోయింది. 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మకాన్నీ ఎగుమతినీ నిలిపివేసే నాటికి పోవలసినవి చాలానే పోయాయి.

మన వసారా కుర్చీని గీసిందెవరో ఎవరికీ తెలియదు. అందువల్ల అది తక్కువదైపోదు. ఆధునికమని ప్రపంచం మెచ్చుకునే కుర్చీల వంశవృక్షంలో మన దేశపు వేరు ఒకటి బలంగానే ఉంది. 19వ శతాబ్దం చివర బ్రిటిష్ సైన్యం ఇంజినీర్ల కోసం రూర్కీలో ఒక కుర్చీ తయారైంది. జిగురు లేదు, మేకు లేదు. కర్రలు ఒకదానిలో ఒకటి దూర్చి కాన్వాసు తొడిగితే కుర్చీ, విప్పితే చంకన పెట్టుకునే కట్ట. డెన్మార్క్‌కు చెందిన కారే క్లింట్ 1933లో చేసిన సఫారీ కుర్చీకి మూలం అదే. 1920ల చివర లె కొర్బూజియే, జెనరే, షార్లొట్ పెరియాన్ కలిసి చేసిన ఉక్కు గొట్టాల కుర్చీలోనూ ఆ రూర్కీ కుర్చీ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ముగ్గురిలో మొదటి ఇద్దరే తర్వాత చండీగఢ్‌కు వచ్చారు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ పుదుచ్చేరిలో ఉంది. అరవిందాశ్రమం వారి గోల్కొండ అతిథి గృహానికి ఆ పేరు రావడానికి కారణం హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి అందిన విరాళం. ఆంటొనిన్ రేమండ్ గీసిన ఆ భవనం పనిని 1930ల చివర అక్కడే ఉండి చూసుకున్న యువకుడు జార్జ్ నకషిమా. తర్వాతి రోజుల్లో అమెరికాలో చెక్కపనికి ఆయన పెట్టింది పేరయ్యాడు. టేకుతో, నగిషీ లేకుండా, అతుకుల నాణ్యత మీదే నిలబడే సామాను ఆ భవనానికి చేయించారు. మన మామిడి తోటల ఊళ్లలో 1950, 60ల నాటి కుర్చీల్లోనూ ఆ సాదాతనమే చూడండి. జమీందారీ కాలపు సింహం తలలూ తీగ చెక్కడాలూ పోయి, కాళ్లు సన్నబడి, వీపు వాలుగా సాగి, చేతులు బారుగా చదునుగా మిగులుతాయి. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాక వసారా కుర్చీ దివాణం నుంచి రైతు ఇంటికీ, ప్లీడరు గారింటికీ, హెడ్మాస్టరు గారింటికీ దిగివచ్చింది. ఆ మార్పు దాని ఒంటి మీదే కనపడుతుంది. నా మటుకు నాకు ఈ సాదా కుర్చీలే దివాణం కుర్చీలకంటే అందమైనవి.

కలప సంగతికొస్తే, ఈ ప్రాంతం చెక్క తెలిసిన ప్రాంతం. నూజివీడులో పనసతో వీణ చేస్తారు, కొండపల్లిలో తెల్ల పొణికితో బొమ్మ చేస్తారు. ఏ పనికి ఏ చెట్టు అన్న వివేకం ఇక్కడి చేతులకు కొత్తగా నేర్పనక్కర్లేదు. కుర్చీకి మాత్రం టేకే. గోదావరి మీద తెప్పలు కట్టి దించినదో, ఓడల్లో దిగిన రంగూన్ టేకో. చుట్టూ మామిడి ఉంది కదా అని విరిగిన కాలికి మామిడి ముక్క అతికిస్తే, టేకు చేవ జోలికి రాని పుచ్చు పురుగు ఆ ముక్కను రెండు మూడేళ్లలో పిండి చేస్తుంది. కొత్త టేకు కూడా పాతదానితో కలవదు. పాత కిటికీ చట్రం నుంచి కోసుకున్న ముక్కైతే రంగూ బరువూ కలుస్తాయి. ఆ పాత కలప దుకాణమే ఇక్కడ మనకు ఆదరువు.

బాగుచెయ్యడంలో మొదటి పని ఏమీ చెయ్యకుండా చూడడం. రోహిణి కార్తెలో కలప ఎండి కుంచించుకుపోయినప్పుడు కిర్రుమనే కుర్చీ, వానలు పడ్డాక తనంతట తానే బిగుసుకుంటుంది. రెండు కాలాల్లోనూ కదిలే అతుకునే పట్టించుకోవాలి. ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి ఇంకో చెక్క బెజ్జంలో దించే కుసి అతుకు ఈ కుర్చీలకు ప్రాణం. వదులైన కుసికి చాలామంది చేసే చికిత్స పక్కనుంచి మేకు కొట్టడం. మేకు తుప్పు పడుతుంది, చుట్టూ చెక్క నల్లబడుతుంది, చివరికి కుసి నిలువునా చీలుతుంది. సరైన పని అతుకును పూర్తిగా విప్పడం. పాతకాలపు తోలు జిగురు వేడినీటి గుడ్డ కాసేపు పెడితే మెత్తబడి వదిలేస్తుంది. పాత జిగురంతా గీకి, కుసికి పల్చటి టేకు చెక్కు అతికించి లావు చేసి, మళ్ళీ బెజ్జంలో దించి, చెక్క చీల కొడితే మరో యాభై ఏళ్లు ఉంటుంది. 1959లో ఫెవికాల్ వచ్చాక తెల్ల జిగురు ప్రతి ఇంటికీ చేరింది. పట్టు గట్టిదే కానీ అంత తేలిగ్గా వదలదు. నా అభిప్రాయంలో కుర్చీకి వాడవలసింది తర్వాతివాడు విప్పగలిగే జిగురు.

అల్లిక దగ్గర ఆగాలి, ఎందుకంటే కుర్చీలో తప్పకుండా అరిగేది అదే. చేసినవాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే చట్రం చుట్టూ అంగుళానికి రెండు చొప్పున బెజ్జాలు పెట్టి, పేము తీసేసి మళ్ళీ అల్లేలా అమర్చాడు. పేము ఎగబాకే తాటి జాతి తీగ. దాని నిగనిగలాడే పై తొక్కను పట్టీలుగా చీలుస్తారు. అరగంట నీళ్లలో నానితే వంగుతుంది, మరీ నానితే నల్లబడుతుంది. ముందు నిలువు వరస, దాని మీద అడ్డం, మళ్ళీ నిలువు, తర్వాత పైకీ కిందికీ దూరుస్తూ మళ్ళీ అడ్డం, చివర రెండు ఏటవాలు వరసలు. ఆరు వరసలూ పూర్తయ్యేసరికి ఎనిమిది మూలల కళ్లు విచ్చుకుంటాయి. తడిమీద బిగువుగా అల్లింది ఆరాక ఇంకా బిగుస్తుంది. అందుకే ఎండాకాలం కంటే తొలకరి తర్వాత ఈ పని హాయి, చేతిలో పట్టీ తొందరగా ఎండిపోదు. ఇది వేళ్లకు తెలిసే విద్య. అంధుల పాఠశాలల్లో నేర్పిన వృత్తుల్లో కుర్చీల అల్లిక ఒకటి. ప్లాస్టిక్ వైరు వచ్చాక ఆ చేతులకు పని తగ్గిపోయింది. వైరు కుర్చీ చౌక, నిజమే. కానీ వైరు గాలి ఆడనివ్వదు, వేసవిలో ఒంటికి అంటుకుంటుంది. తెగకుండా కేవలం జారిన పేము అల్లికను మార్చనే అక్కర్లేదు. అడుగువైపు గోరువెచ్చని నీటితో తడిపి నీడలో ఆరబెడితే చాలావరకు పైకి లేస్తుంది.

పాలిష్ సంగతి కొద్దిగా. పాత మెరుగు లక్కదా కాదా అని తెలియాలంటే కనపడనిచోట స్పిరిట్ తడిపిన దూదితో రుద్ది చూడాలి. జిగటగా కరిగితే లక్క. అలాంటిదాన్ని గీకనక్కర్లేదు, మురికి తుడిచి పైన పల్చగా కొత్త లక్క పూస్తే పాతదానిలో కలిసిపోతుంది. వానాకాలంలో పూస్తే తేమ చిక్కి పాలిపోయినట్టు తెల్లబడుతుంది కాబట్టి పుష్య మాఘ మాసాలు దీనికి మంచివి. మిషను పెట్టి ఉప్పుకాగితంతో తెల్లటి చెక్క కనపడేదాకా అరగదీయించే వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చేతుల కొసల్లో తాతలూ మామ్మలూ అరచేతులతో తెచ్చిన నునుపు ఉంటుంది. ఏ యంత్రమూ దాన్ని మళ్ళీ ఇవ్వలేదు.

సేకరించేవారికి నా మనవి. కొన్న కుర్చీ ఏ ఊరిది, ఏ ఇంటిది, ఏ వసారాలో ఉండేది, తెలిస్తే ఏ వడ్రంగి చేశాడు అన్నది ఒక చీటీ మీద రాసి, చట్రం అడుగున అతికించండి. చేసిన మరమ్మతు కూడా తేదీతో రాయండి. చండీగఢ్ కుర్చీల మీద రంగుతో రాసిన ఆఫీసు నంబర్లే ఇవాళ వాటి మూలానికి సాక్ష్యం. అమ్మినవాళ్లకు న్యాయమైన ధర ఇవ్వండి. అల్లినవాడికి రోజు కూలి కాదు, పనితనానికి తగ్గ ధర కట్టండి. ఇక ఇల్లు పడగొట్టబోయేవాళ్లకు ఒక్కటే విన్నపం. విరిగిన చెయ్యి, ఊడిన కాలు, చీలిన చీల, ఏదీ పొయ్యిలో వెయ్యకండి. ఎంత విరిగినా ఆ ముక్కే కొత్త ముక్కకు అచ్చు. అన్నింటినీ ఒక గుడ్డలో చుట్టి, ఆ కుర్చీకే పురికొసతో కట్టి ఉంచండి.