నీళ్లు మోసినవాళ్ల తిరుగుబాటు: ‘ది ఎక్స్‌పాన్స్’ ధారావాహిక

వైజ్ఞానిక కల్పన అనగానే మన సాహిత్య సభల్లో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. అది పలాయనవాదమనీ, నేలమీది సమస్యలనుంచి చూపు మళ్లించడానికి పెట్టుబడిదారీ సంస్కృతి తయారుచేసిన మత్తుమందనీ కొందరంటారు. భవిష్యత్తు గురించి రాసిందేదైనా అభ్యుదయకరమేనని మరికొందరంటారు. రెండూ రచన జోలికి పోకుండానే ఇచ్చే తీర్పులు. ఏ రచనలోనైనా మనుషులు ఏం తిని బతుకుతున్నారు, దాన్ని ఎవరు పండిస్తున్నారు, ఎవరు పట్టుకుపోతున్నారు అన్న ప్రశ్నతోనే పరిశీలన మొదలుకావాలి. కథ అంతరిక్షంలో జరిగినా, అమలాపురంలో జరిగినా ఈ పరీక్ష తప్పదు.

2015 నుంచి 2022 దాకా ఆరు భాగాలుగా, 62 ఎపిసోడ్లుగా వచ్చిన ‘ది ఎక్స్‌పాన్స్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికను మొదటినుంచి చివరిదాకా చూశాక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. జేమ్స్ ఎస్. ఎ. కోరీ అనే కలంపేరుతో డేనియల్ ఏబ్రహాం, టై ఫ్రాంక్ అనే ఇద్దరు కలిసి రాసిన తొమ్మిది నవలలు దీనికి మూలం. మొదటి నవల 2011లో వచ్చింది. నవలల సంగతి వేరుగా చెప్పుకోవాలి. నేను మాట్లాడుతున్నది తెరమీదికి వచ్చినదాని గురించే.

కథాకాలం ఇప్పటికి రెండు మూడు వందల ఏళ్ల తర్వాత. భూమి అంతా ఐక్యరాజ్యసమితి పాలనలో ఉంది. కుజగ్రహం స్వతంత్ర సైనిక రాజ్యం. ఈ రెండింటికీ కావలసిన ఖనిజాలు తవ్వి, మంచు మోసి పంపేవాళ్లు గ్రహశకలాల పట్టీలోనూ, బృహస్పతి శని ఉపగ్రహాల మీదా తరతరాలుగా బతుకుతున్న కూలిజనం. వాళ్లను బెల్టర్లంటారు. భూమీ కుజుడూ ఒకరిమీద ఒకరు ఫిరంగులు గురిపెట్టుకునే ఉంటారు గాని, బెల్టరు దగ్గరకొచ్చేసరికి ఇద్దరి మాటా ఒకటే. వలసదేశాల చరిత్ర చదివినవాడికి ఇదేమీ కొత్త కాదు. అయితే ధారావాహిక ఈ దోపిడీని ఉపన్యాసంగా చెప్పకుండా వస్తువుల ద్వారా చెప్పింది. దాని బలమంతా అక్కడుంది.

మొదటి ఎపిసోడ్‌నే తీసుకుందాం. కాంటర్‌బరీ అనే పాత ఓడ శనివలయాలనుంచి సెరిస్‌కు మంచుగడ్డలు మోసుకొస్తుంటుంది. ఆ పనిలో ఒక కార్మికుడి చెయ్యి పోతుంది. సెరిస్‌లో నీళ్లు రేషన్. గాలిని వడపోసే ఫిల్టర్ల దగ్గర ఇళ్లవాళ్లు కక్కుర్తిపడితే పసివాళ్లు దగ్గుతుంటారు. దాన్ని తనిఖీ చెయ్యవలసిన పోలీసు మిల్లర్ మామూలు పుచ్చుకుని వెళ్లిపోతాడు. మిల్లరూ బెల్టరే. కాని అతనికి జీతమిచ్చేది ఒక ప్రైవేటు భద్రతా కంపెనీ. సొంతజనం అతన్ని ‘వెల్వాలా’ అని తిడతారు. గురుత్వాకర్షణ బావిని ప్రేమించేవాడని, అంటే ద్రోహి అని అర్థం. నీళ్లు, గాలి, జీతం అనే మూడింటితో ఒక సమాజం మొత్తం కళ్లకు కట్టింది. వర్గం అన్న మాట ఒక్కసారి కూడా వాడనక్కర్లేకపోయింది.

ఇంతకంటే గొప్ప కల్పన ఎముకలది. గురుత్వాకర్షణ తక్కువైన చోట పుట్టి పెరిగినందువల్ల బెల్టర్ల ఎముకలు పొడుగ్గా, పెళుసుగా సాగుతాయి. భూమిమీద వాళ్లు నిలబడలేరు. ఐక్యరాజ్యసమితిలో పెద్ద అధికారిణి అయిన అవసరాలా ఒక బెల్టరు ఖైదీని భూమికి తెప్పించి, కొక్కేలకు వేలాడదీసి విచారిస్తుంది. కొట్టడం లేదు, కరెంటు పెట్టడం లేదు. భూమి తన బరువుతో తానే హింసిస్తుంది! శ్రమ మనిషి శరీరాన్ని తీర్చిదిద్దుతుందని మనం సిద్ధాంతంగా చెప్పుకునే మాటను ఇంత సూటిగా చూపిన దృశ్యం వాస్తవికతా ముద్ర వేసుకున్న సినిమాల్లో కూడా అరుదు. బోరునీళ్ల ఫ్లోరైడుకు నడుము వంగిపోయిన నల్లగొండ మనిషిని చూసినవాళ్లకు ఎముకకు కూడా రాజకీయం ఉంటుందని వేరే చెప్పాలా?

కాని ఈ ఎముకల ఊహను ధారావాహిక చివరిదాకా నిలబెట్టుకోలేదు. అంత పొడుగైన నటులు ఎక్కడ దొరుకుతారు? తర్వాత్తర్వాత బెల్టర్లు అందరిలాగే కనిపిస్తారు. శరీరంలో ఉన్న తేడా పచ్చబొట్లలోకీ, జుట్టు కత్తిరింపులోకీ దిగిపోయింది. నిర్మాణపు ఇబ్బంది అర్థం చేసుకోదగిందే. నష్టం మాత్రం నష్టమే. నాలుగో భాగంలో అది మళ్లీ తలెత్తుతుంది. నక్షత్రాల మధ్య ద్వారం తెరుచుకుని 1300 పైచిలుకు కొత్త లోకాలు అందుబాటులోకి వస్తాయి. వాటిలో ఒకటైన ఇలస్‌లో నిరాశ్రయులైన బెల్టర్లు ముందే దిగి లిథియం తవ్వుకుంటుంటారు. వెనకే ఐక్యరాజ్యసమితి ఇచ్చిన హక్కుపత్రం పట్టుకుని ఒక కంపెనీ, దాని వెంట తుపాకుల మనుషులూ దిగుతారు. ముందొచ్చి తవ్వుకున్నవాడిదా నేల, కాగితం ఉన్నవాడిదా? మన ఏజెన్సీ కథలు చదివిన పాఠకుడికి ఈ తగాదా చిరపరిచితం. ఈ భాగంలోనే, ఓడ ఇంజనీరు నయోమీ నగాటా, పుట్టుకతో బెల్టరు, మందులు మింగి, కసరత్తు చేసి ఆ నేలమీద నిలబడాలని పట్టుబడుతుంది. చివరికి శరీరం ఓడిపోయి తిరిగి ఓడలోకే పోతుంది. నేల దొరికింది, దానిమీద నిలబడే ఎముకలు లేవు. ఈ భాగం నత్తనడక నడిచిందని చాలామంది ప్రేక్షకులు విసుక్కున్నారు. నా దృష్టిలో ధారావాహిక మొత్తంలో ఆలోచన చిక్కగా ఉన్నది ఇక్కడే.

భాష గురించి కూడా చెప్పాలి. నిక్ ఫార్మర్ అనే భాషావేత్త ఈ ధారావాహిక కోసం బెల్టర్లకు ఒక మిశ్రభాష కల్పించాడు. ఎన్నో దేశాల కూలీలు ఒకచోట చేరితే పుట్టే భాష అది. ‘బెల్టలౌడా’ అంటే మనం, ‘ఇన్యలౌడా’ అంటే లోపలి గ్రహాలవాళ్లు. వాళ్ల చేతిసైగలు పెద్దవిగా ఉంటాయి, ఎందుకంటే అంతరిక్షపు తొడుగు వేసుకుని పనిచేసేవాడి ముఖకవళికలు పక్కవాడికి కనపడవు. పనిలోంచి సైగ పుట్టింది. మాండలికమంటే నాలుగు క్రియాపదాల తోకలు మార్చడమేననుకునే మన కథకులు ఈ ఒక్క విషయం గురించైనా ఆలోచించాలి. నయోమీ తనవాళ్ల మధ్య ఒక యాసలో, భూమివాళ్ల మధ్య ఇంకో యాసలో మాట్లాడుతుంది. ఆ మారడంలో ఎంత చరిత్ర ఉందో ఊరు వదిలి బస్తీలో ఉద్యోగం చేసే మనలో చాలామందికి తెలుసు.

గ్రహాంతర పదార్థం, దాని మాయల జోలికి ఎక్కువ పోను. ఒక్క సంగతి. ఈరోస్ అనే బెల్టర్ల స్థావరంలో లక్షమందిని ఆ పదార్థానికి ఎరవేసి ప్రయోగం చేసింది రాక్షసుడు కాదు, ఒక కంపెనీ. ప్రయోగాన్ని నడిపిన శాస్త్రవేత్త లక్ష ప్రాణాలనూ మానవజాతి భవిష్యత్తునూ పక్కపక్కన పెట్టి తాపీగా లెక్క చెబుతుంటే, ఆ లెక్కకు బేరం కుదిరేలోగా మిల్లర్ అతన్ని కాల్చేస్తాడు. మామూలు తీసుకున్న ఆ పోలీసే!

ఇక అసలు విషయం. ఇంత నిజాయితీగా దోపిడీని చూపిన ధారావాహిక తిరుగుబాటును ఎలా చూపింది?

ఆండర్సన్ స్టేషన్ ఉదంతం దగ్గర సరిగ్గానే మొదలుపెట్టింది. గాలి చాలక పిల్లల మెదళ్లు దెబ్బతింటే గనికార్మికులు స్టేషన్ను ఆక్రమిస్తారు. లొంగిపోతామని వాళ్లు పంపిన సందేశం అవతలికి చేరనివ్వకుండా, వాళ్లను కాల్చేస్తారు. ఇంత ఘోరం వెనకాల ఉన్నప్పుడు వచ్చే తిరుగుబాటు ఎలా ఉండాలి? నాలుగో భాగంలో మార్కో ఇనారోస్ వస్తాడు. కుజుడి సైన్యంలోని ద్రోహులు అమ్మిన యుద్ధనౌకలతో, రాడార్లకు దొరక్కుండా పైపూత పూసిన శకలాలను భూమిమీదికి విసిరి లక్షలాదిమందిని చంపుతాడు. అతను చెప్పే మాటల్లో తప్పు లేదు. అబద్ధమల్లా మనిషే. అతనికి బెల్టర్ల బాగుకంటే తన బొమ్మ ముఖ్యం. సెరిస్‌ను వదిలిపోతూ సొంతజనాన్ని శత్రువు దయకు వదిలేస్తాడు. నయోమీ అతని మాజీ సహచరి, ఫిలిప్ కొడుకు. తిరుగుబాటు కాస్తా ఒక అహంకారి సంసారపు తగాదాగా కుదించుకుపోతుంది.

ఇలాంటి నాయకులు లేరా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నారు. పీడితుల నాయకుడు చెడ్డవాడైతే రాయకూడదని నేననడం లేదు. అలా రాయడానికి దమ్ము కావాలి కూడా. నా అభ్యంతరం వేరు. చెడ్డ నాయకుడు పక్కన మంచి సంస్థ ఎక్కడ? మొదటి ఎపిసోడ్‌లో సెరిస్ వీధిలో ఒకడు నీళ్ల గురించి, గాలి గురించి ఉపన్యాసమిస్తాడు. జనం చుట్టూ మూగి వింటారు. ఆ విన్న ముఖాల్లో ఒక్కటి కూడా తర్వాత పాత్రగా ఎదగలేదు. బెల్టర్ల సంస్థ అంటే ముఠా నాయకుల కూటమి తప్ప మరొకటి కాదన్నట్టు సాగుతుంది కథ. పాలకవర్గం వైపు చూస్తే అవసరాలా ఉంది. ఇరాన్‌లో పుట్టిన నటి షోరే అఘ్దష్లూ చీరకట్టుతో, నోటికొచ్చిన బూతులతో ఆ పాత్రకు ప్రాణం పోసింది. ఆమెకు సందేహాలున్నాయి, పశ్చాత్తాపముంది, ఎదుగుదల ఉంది. కొక్కేల దృశ్యాన్ని మనం మరిచిపోయి ఆమెను ప్రేమించడం మొదలుపెడతాం. సమ్మెకు నాయకత్వం వహించే ఒక గనికార్మికురాలికి ఇందులో పావువంతు తెలివి ఇచ్చి ఉంటే ధారావాహిక మరోలా ఉండేది.

ఈ లోటుకు డబ్బు పెట్టినవాడే కారణమని తేల్చేస్తే సులువుగా ఉంటుంది. మూడు భాగాల తర్వాత 2018లో సైఫై చానల్ దీన్ని ఆపేసింది. అభిమానులు చందాలు వేసుకుని అమెజాన్ స్టూడియో మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగరేశారు. ధారావాహిక బతికిందని ఒక అంతరిక్ష సమావేశంలో జెఫ్ బెజోస్ స్వయంగా ప్రకటించాడు. భారీ పరిశ్రమలను అంతరిక్షానికి తరలించాలని, అక్కడ లక్షలాదిమంది బతికి పనిచెయ్యాలని ప్రచారం చేసే మనిషి ఆయన. 2021 జూలైలో తన కంపెనీ రాకెట్‌లో పైకి వెళ్లొచ్చి, దీనికంతటికీ డబ్బు కట్టింది మీరేనని అమెజాన్ ఉద్యోగులకూ కొనుగోలుదారులకూ కృతజ్ఞతలు చెప్పాడు. బెల్టరు వింటే ఏమనేవాడో! ఆఖరి ఎపిసోడ్ 2022 జనవరిలో వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని అమెజాన్ గోదాము కార్మికులు ఓట్లు వేసుకుని యూనియన్ గెలుచుకున్నారు. అయితే న్యాయంగా మాట్లాడుకుందాం. ధారావాహికలో యూనియన్ లేకపోవడం చేతులు మారాక వచ్చిన లోపం కాదు, మొదటినుంచీ లేదు. మార్కో కథా మూల నవలల్లోదే. లోపం రచయితల ఊహలోనే ఉంది. దోపిడీని వాళ్లు వివరంగా ఊహించగలిగారు, ప్రతిఘటనను మాత్రం ఒక్క మనిషి రూపంలో తప్ప ఊహించలేకపోయారు.

ఊహించబోయి ఆగిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. రెండో భాగంలో కుజుడి సైనికురాలు బాబీ భూమిమీద సముద్రం చూడాలని పోతూ ఒక నిరుద్యోగిని కలుస్తుంది. అతను కుర్రతనంలో శిక్షణకోసం జాబితాలో పేరు రాయించుకున్నాడు. వయసు మళ్లినా పిలుపు రాలేదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు దాచుకున్న మనవాళ్లకు అతను కొత్తవాడు కాదు. ఐదో భాగంలో శకలాలు పడ్డాక ఆమోస్ ధనవంతుల విడిది ఒకటి చేరుకుంటాడు. యజమానులు ఎగిరిపోయారు, పనివాళ్లను వదిలేశారు. వాళ్లనూ ఎక్కించుకునే ఓడ బయలుదేరుతుంది. మార్కో రాళ్లు పడింది ఎవరిమీద? ఆ నిరుద్యోగిమీద, ఈ పనివాళ్లమీద. భూమి పేదలూ బెల్టర్లూ ఒక తాటిమీదికి రావచ్చునన్న మాట ఇక్కడ నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరూ పలకలేదు.

డ్రమ్మర్ ఒక్కతే దీనికి మినహాయింపు. కెనడా ఆదివాసి ఒజిబ్వే జాతికి చెందిన నటి కారా జీ ఆ పాత్ర ధరించింది. మార్కో నౌకాదళంలో బలవంతాన చేరి, నయోమీని కాపాడటానికి అతనిమీదే ఫిరంగి తిప్పి, ఆ దెబ్బకు తన ఓడ కుటుంబాన్ని చీల్చుకుని, చివరికి నమ్మకం లేని భూమితో కలిసి పోరాడుతుంది. బెల్టర్లకోసమే మార్కోతో తలపడే బెల్టరు ఆమె. ఆమె తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు.

అలాంటి డ్రమ్మర్‌ను ముగింపు ఏం చేసింది? మార్కోను ఓడించింది బెల్టర్లు కాదు. ద్వారంలో దాగిన, ఎవరికీ అంతుపట్టని శక్తి అతని ఓడను మింగేస్తుంది, నయోమీ లెక్క ప్రకారమే అయినా. తర్వాత సంధి చర్చలు. కొత్త లోకాల రవాణా అంతా బెల్టర్ల సంఘానికి అప్పగిస్తారు, అధ్యక్షుడుగా మాత్రం భూమిలో పుట్టిన హోల్డెన్‌ను కూర్చోబెడతారు. హోల్డెన్ పదవి స్వీకరించిన వెంటనే రాజీనామా చేసి డ్రమ్మర్‌కు కుర్చీ అప్పగిస్తాడు. చూస్తున్నంతసేపూ సంతోషంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. డాన్ క్విక్సోట్ గుర్రం పేరు ఓడకు పెట్టుకున్నవాడికి తగిన పనే. కాని అన్ని తరాలు నీళ్లు మోసినవాళ్లకు ఆ కుర్చీ ఒక భూమివాడి మంచితనం వల్ల దొరకడమేమిటి? అతను మనసు మార్చుకుని ఉంటే?

ఫిలిప్ సంగతి మిగిలింది. తండ్రి చెప్పినట్టు శకలాలు విసిరిన కుర్రాడు ఆఖరి యుద్ధానికి ముందు ఎవరికీ చెప్పకుండా ఓడ దిగిపోయి, తల్లి ఇంటిపేరుతో నగాటా అని నమోదు చేయించుకుంటాడు. కొడుకు బతికున్నాడని నయోమీకి తెలియదు. తర్వాత అతను ఏ పనికి కుదిరాడో, పక్కన పనిచేసేవాళ్లు అతన్ని గుర్తుపట్టారో లేదో ధారావాహిక చెప్పలేదు. కోరీ 2022లో రాసిన ‘ది సిన్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్’ అనే చిన్న నవలికలో వయసు మళ్లిన ఫిలిప్ ఒక మారుమూల లోకంలో మళ్లీ కనిపిస్తాడు. అది తెరమీదికి రాలేదు.