పురాణమూ ముళ్ళకంచే: సిల్కో నవల 'సెరిమనీ'

పురాణం పేరెత్తగానే మన విమర్శకుల్లో కొందరు తిరోగమనమని ముద్ర వేసేస్తారు. ప్రకృతి అంటే పలాయనమంటారు. ఆ తొందరపాటుకు జవాబు చెప్పగల నవల, ఆ అనుమానంలోనూ కొంత న్యాయం ఉందని చూపే నవల, లెస్లీ మార్మన్ సిల్కో 1977లో వెలువరించిన 'సెరిమనీ'. క్రతువు అని అర్థం చెప్పుకోవచ్చు.

సిల్కో అమెరికాలోని న్యూమెక్సికోలో, లగూనా ప్యూబ్లో ఆదివాసుల మధ్య పెరిగిన రచయిత్రి. ఆమె వంశంలో లగూనా, మెక్సికన్, తెల్లజాతి వారసత్వాలు కలిశాయి. కథానాయకుడు టాయో కూడా అటువంటివాడే: తల్లి లగూనా స్త్రీ, తండ్రి తెల్లవాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫిలిప్పీన్స్ అడవుల్లో జపాన్ సైన్యానికి బందీ అవుతాడు. పెద్దమ్మ కొడుకు రాకీ అక్కడే చనిపోతాడు. తెరిపి లేని ఆ వానను టాయో నోరారా తిడతాడు. ఇల్లు చేరేసరికి ఊరంతా కరువు. తన శాపమే వానను తరిమిందని కుమిలిపోతాడు.

సైనిక ఆసుపత్రి వైద్యులకు ఇది ఒక మనిషి మనసుకు పట్టిన జబ్బు. లగూనా కథలు అలా చూడవు. జనం మాయల మోజులో పడి మొక్కజొన్న తల్లి పీఠాన్ని మరిచారు. తల్లి అలిగి వానను తీసుకుపోయింది. తేనెపిట్ట, ఈగ రాయబారం వెళ్ళాయి. క్షమించమంటే సరిపోలేదు, ఊరు శుద్ధి కావాలి, దానికి పొగాకు తేవాలి, మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఇందులో భక్తి కన్నా పనే ఎక్కువ. నేలతో బాంధవ్యం శ్రమ వల్ల నిలుస్తుందన్న ఎరుక ఈ పురాణానికి ప్రాణం.

నవలలో అత్యుత్తమ భాగం నా దృష్టిలో పశువుల కథ. మేనమామ జోసయా మెక్సికో మచ్చల పశువులు కొంటాడు. తెల్లవాళ్ళు రాసిన పశుపోషణ గ్రంథాల్లో ఈ ఎండునేల లేదు. హెర్‌ఫర్డ్ పశువులు తొట్టె దగ్గర నీళ్ళకోసం నిలబడి చస్తాయి. ఇవి లేళ్ళలా తిరిగి బతుకుతాయి. రెంటినీ కలిపి ఈ నేలకు తగిన సంతతిని పెంచాలని అతని ఆశ. మిశ్రమ రక్తం ఇక్కడ లోపం కాదు, బతుకుతెరువు. టాయోకు క్రతువు చేసే నవహో వైద్యుడు బెటోనీదీ కలగలుపు వంశమే. అతని ఇంట్లో మూలికల పక్కన పాత కాలెండర్లు, టెలిఫోన్ డైరెక్టరీలు పేరుకుని ఉంటాయి. క్రతువులు మారుతూ వచ్చాయి కనుకనే బతికాయంటాడు. సంప్రదాయ పరిరక్షకులం అనుకునేవాళ్ళు వినదగిన మాట.

దొంగిలించబడ్డ ఆ పశువులు పవిత్ర పర్వతం మీద, ఒక తెల్ల భూస్వామి కంచెలో దొరుకుతాయి. ఆ కొండ ఒకప్పుడు లగూనా వాళ్ళది. టాయో ఆ తీగలు కత్తిరిస్తాడు. పురాణమూ ఆస్తి సంబంధమూ ముఖాముఖి నిలబడ్డ ఘట్టమిది.

అయితే చివరకు వచ్చేసరికి ఆ స్పష్టత సడలుతుంది. ముగింపు ఒక యురేనియం గని దగ్గర జరుగుతుంది. మొదటి అణుబాంబును 1945 జూలై 16న పేల్చి చూసింది కూడా ఆ రాష్ట్రంలోనే. కానీ తెల్లవాళ్ళను, వాళ్ళ విధ్వంసాన్ని ఆదిలో ఆదివాసి మంత్రగాళ్ళే ఒక పందెంలో కథ చెప్పి సృష్టించారంటుంది నవల. జాతిద్వేషాన్ని దాటడానికి వేసిన ఎత్తు ఇది, నేను కాదనను. కానీ కంచెకు యజమాని ఉన్నట్టే గనికీ యజమాని ఉంటాడు. లగూనా భూమిలో జాక్‌పైల్ గని 1953 నుంచి 1982 దాకా నడిచింది. లగూనా మనుషులే అందులో కూలికి దిగారు. కౌలు ఒప్పందం, కూలి డబ్బు, మంత్రగాళ్ళ కథలో ఇమడవు.

వేరే దిక్కునుంచి కూడా అభ్యంతరం వచ్చింది. లగూనా మూలాలున్న పౌలా గన్ ఆలెన్ 1990లో, తెగ బయట చెప్పకూడని కథను సిల్కో నవలలో పెట్టిందని ఆక్షేపించింది. దీన్ని ఛాందసమని కొట్టెయ్యలేను. భూమి పోయినవాళ్ళకు కథ కూడా ఆస్తే. జానపదుల నోటినుంచి సేకరించి మన పేర్లతో అచ్చు వేసుకునే మనకు ఈ ప్రశ్న అసలు తట్టనే లేదు.